చెక్క అచ్చుకు మళ్ళీ కూలి పుట్టింది

మన లైన్లలో ఆడవాళ్ళ పొదుపు సంఘం వాళ్ళు రెండు నెలలుగా ఒకే మాట మీద ఉండారు. చెక్క అచ్చులతో గుడ్డల మీద అద్దకం పని పెట్టుకుంటే ఎట్లుంటుంది అని. తెల్లారకముందే లేచి, రైలెక్కి బెంగళూరు గార్మెంట్స్‌కు పోయి, చీకటి పడినాక ఇల్లు చేరే బతుకు వాళ్ళది. ఊళ్ళోనే ఏదో ఒక పని ఉంటే బాగుండునని ఎవరికి ఉండదు? "చిన్నాయనా, నువ్వు మిల్లులో ప్రింటింగ్‌లోనే కదా ఉన్నింది, ఈ పని నిలుస్తుందా నిలవదా చెప్పు" అని నన్ను అడిగినారు. అది కడుపు కట్టుకొని దాచిన డబ్బు. నోటికొచ్చింది చెప్పి పంపే మాట కాదు. అందుకే నాకు తెలిసింది, కండ్లతో చూసింది ఇక్కడ రాస్తా ఉండాను. చదివి మీరే తూచుకోండి.

నేను అయిదో తరగతి దాకా చదివినోణ్ణి. మా నాయన ఛాంపియన్ రీఫ్‌లో గని పని చేసినాడు. నేను గనిలోకి దిగలేదు. 1979లో బెంగళూరులో ఒక బట్టల మిల్లులో చేరినాను. మిల్లు మూతపడే దాకా ప్రింటింగ్ డిపార్ట్‌మెంట్‌లోనే ఉన్నాను. మాకు రావాల్సిన లెక్క కోసం ఎన్నేండ్లు తిరిగినామో అది వేరే కత. ఇక్కడ మన గనులు 2001 ఫిబ్రవరి 28న మూసినారు. మిల్లు పోయిన ఇల్లూ మాదే, గని పోయిన ఇల్లూ మాదే. కాబట్టి చచ్చిపోయిన పని ఒకటి మళ్ళీ బతికింది అని ఎవరన్నా చెప్తే నేను ఊరకే విని తల ఊపను. ఎట్లా బతికింది, ఎవరు బతికించినారు, ఎవరి కడుపు నిండింది అని అడుగుతాను.

మిల్లులో అద్దకం ఎట్లా ఉండేదో మన పాతవాళ్ళకు తెలుసు, పిల్లకాయలకు తెలియదు. రంగులు కలిపే గదిని కలర్ కిచెన్ అనేవాళ్ళం. పేరుకు తగ్గట్టు అది వంటిల్లే. డ్రమ్ముల్లో గంజి లాంటి పేస్టు, దాంట్లో రంగు, కలిపేదానికి మిషన్. ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్. గుడ్డ బెల్టు మీద పోతా ఉంటే స్క్రీన్ దిగుతుంది, రంగు వేస్తుంది, లేస్తుంది. నా పని జాయింటు చూసుకునేది. ఎర్ర పువ్వు మీద పచ్చ ఆకు ఎక్కినా, గీతకూ రంగుకూ మధ్య తెల్ల సందు కనపడినా మిషన్ ఆపాలి. ఒక్క నిమిషం కన్ను అటూ ఇటూ పోతే తానులకు తాన్లు సెకండ్స్‌లో పడేవి. మాకంటే ముందువాళ్ళు రాగి రోలర్ల మీద చేసినారు. స్కాట్లాండుకు చెందిన థామస్ బెల్ అనే ఆయన 1783లో ఆ రోలర్ మిషనుకు పేటెంటు తీసుకున్నాడంట. చేతి అచ్చును దెబ్బ తీసింది ఆ రోలరే. దాని మనవడు లాంటి మిషన్ మీద నేను కూడు తిన్నాను. కాబట్టి మిషన్‌ను తిట్టేదానికి నాకు నోరు రాదు. మిల్లు గుడ్డ చవక కాబట్టే కూలోడి పెండ్లాం కూడా పువ్వుల చీర కట్టింది.

కొన్నేండ్ల కింద విజయవాడ కనకదుర్గమ్మ దర్శనానికి పోయినప్పుడు, పనిగట్టుకొని పెడనకు పోయినాను. మచిలీపట్నం, అదే మన పెద్దోళ్ళు బందరు అంటారే, దాని పక్కనే ఉంది. బందరు కలంకారీ అని అంగళ్ళలో అమ్మే గుడ్డ ఎక్కువగా పెడనలోనే తయారవుతుంది. కలంకారీలో రెండు రకాలు ఉండాయని చాలామందికి తెలీదు. మన చిత్తూరు పక్క శ్రీకాళహస్తిలో చేసేది వెదురు పుల్లకు గుడ్డ చుట్టిన కలంతో చేత్తో గీసేది. పెడనలో చేసేది చెక్క అచ్చులతో అద్దేది. మన సంఘం వాళ్ళు అడిగేది ఈ రెండోదే.

పెడనలో ఒక షెడ్డులోకి పోయి, నేనూ ప్రింటింగ్ వాణ్ణే అని చెప్తే కూర్చోబెట్టి అన్నీ చూపించినారు. మొదట అచ్చు చేసే ఆయన దగ్గరికి తీసకపోయినారు. అచ్చుకు టేకు చెక్క కావాలి. బాగా ఎండిన చెక్క కాకపోతే నీళ్ళు, రంగు తగిలి వంకర పోతుంది. పైభాగం అద్దంలా నున్నగా చేసి, దాని మీద బొమ్మ గీత దింపి, రంగు అంటకూడని చోటంతా సన్న ఉలులతో తవ్వి తీసేస్తారు. గీత అట్లే నిలబడి ఉంటుంది. ఆ గీత వెంట్రుకంత సన్నం ఉంటుంది కొన్ని చోట్ల. ఉలి ఒక్కసారి జారితే అంతకుముందు చేసిన పనంతా పోయినట్లే. ఒక పువ్వుకు ఒక అచ్చు చాలదు. నల్ల గీతకు ఒకటి, ఎరుపు నింపేదానికి ఒకటి, ఇంకో రంగు ఉంటే ఇంకొకటి. అన్నీ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవాలి. మా స్క్రీన్లు ఎట్లనో ఇదీ అట్లనే. నాకు అది చూస్తానే అర్థమైంది. మా మిల్లులో ఇంజనీరు చేసే పని ఇక్కడ ఉలి పట్టినాయన కంటితో చేస్తా ఉండాడు.

ఇంక అద్దకం. మిల్లులో మేము పొద్దున పెట్టిన గుడ్డ సాయంత్రానికి మడత పడేది. ఇక్కడ అట్లా కాదు. ముందు గుడ్డలో గంజి పోయేదాకా నానబెట్టి ఉతుకుతారు. తరువాత కరక్కాయ పొడి, బర్రె పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఎండబెడతారు. కరక్కాయ ఒగరు రంగును పట్టుకుంటుంది. పాలలో ఉండే కొవ్వు వల్ల రంగు పక్కకు పాకదు. నల్ల రంగు ఎట్లనుకున్నారు? తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో వేసి రోజుల తరబడి పులియబెడతారు. ఆ నీళ్ళు చూస్తే నలుపు కాదు. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద అచ్చు కొట్టగానే నల్లబడుతుంది. నేను రంగుల డ్రమ్ముల మధ్య బతికినోణ్ణి, అయినా నోరు తెరిచి చూసినాను.

ఎరుపు ఇంకా విచిత్రం. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్ళు అద్దుతారు. పటికకు రంగు లేదు కదా, అద్దేవాడి కంటికి కనపడాలని దాంట్లో కొంచెం రంగు కలుపుతారు. ఆ గుడ్డను కొన్నాళ్ళు ఆరనిచ్చి, పారే నీళ్ళలో జాడిస్తారు. నిలవ నీళ్ళలో జాడిస్తే కరిగిన పటిక మళ్ళీ వేరే చోట అంటుకొని మరకలు పడుతుంది. తరువాత పెద్ద రాగి పాత్రల్లో వేర్ల రంగు, జాజి ఆకు వేసి గుడ్డను ఉడకబెడతారు. పటిక ఉన్న చోట మాత్రమే ఎరుపు ఎక్కుతుంది, మిగతాది మళ్ళీ ఎండలో తడిపి ఆరేస్తే తెల్లబడుతుంది. పాతకాలంలో ఈ ఎరుపుకు కృష్ణా తీరం ఇసక నేలల్లో దొరికే చిరివేరు వాడేవాళ్ళు. ఇప్పుడు ఎరుపుకు చాలా చోట్ల ఫ్యాక్టరీలో తయారయ్యే ఆలిజరిన్ వాడతారు. అది దాచేదేం లేదు, ఉన్నది చెప్పాల.

ఇంత పని ఒకప్పుడు ఎంత గొప్పగా నడిచిందో, ఎట్లా పడిపోయిందో కూడా తెలుసుకోవాల. ఇంగ్లీషు కంపెనీ 1611లోనే బందరులో వ్యాపారం పెట్టుకుంది. డచ్చివాళ్ళు కూడా అక్కడే ఉన్నారు. మన తీరం అద్దకం గుడ్డలు ఇరాన్‌కు, ఐరోపాకు ఓడల్లో పోయినాయి. అక్కడి జనం ఎంత మోజు పడినారంటే, వాళ్ళ నేతగాళ్ళ పొట్ట కొడతా ఉందని ఫ్రాన్స్ 1686లో, ఇంగ్లాండు 1700లో ఒకసారి, 1721లో ఇంకోసారి మన దేశపు అద్దకం గుడ్డల మీద నిషేధం పెట్టినాయి. తరువాత వాళ్ళకు రోలర్ మిషన్ వచ్చింది. 1868లో జర్మనీలో ఇద్దరు రసాయన పండితులు ఎరుపు రంగును వేరు లేకుండా తయారు చేసే దారి కనుక్కున్నారు. బందరుకు దేవుడి దెబ్బ కూడా తగిలింది. 1864 నవంబరు 1న వచ్చిన తుపానులో సముద్రం ఊరి మీదికి వచ్చి దాదాపు 30,000 మంది చచ్చిపోయినారు. ఓడలు పోయినాయి, గిరాకీ పోయింది. అచ్చులు అటకెక్కినాయి. ఆ చేతులు ఏమైనాయో రాసిపెట్టినోళ్ళు తక్కువ. గని మూసినాక మన చేతులు ఏమైనాయో మనకు తెలుసు కాబట్టి వాళ్ళవి ఏమైనాయో ఊహించుకోవచ్చు.

మళ్ళీ లేపింది ఎవరు? స్వాతంత్ర్యం వచ్చినాక 1952లో అఖిల భారత హస్తకళల బోర్డు పెట్టినారు. దాన్ని నడిపించింది కమలాదేవి ఛటోపాధ్యాయ. ఆమె 1903లో పుట్టింది మన కర్ణాటకలోనే, మంగళూరులో. ఊరూరూ తిరిగి, మిగిలిన పనివాళ్ళను వెతికి పట్టుకొని, వాళ్ళ సరుకుకు కొనేవాళ్ళను చూపించిన మనిషి. కాళహస్తిలో 1957లో సర్కారు శిక్షణ కేంద్రం పెట్టి, తెలిసిన పెద్దవాళ్ళ చేత పిల్లలకు నేర్పించినారు. బందరు అచ్చులకు కూడా పట్నం అంగళ్ళ నుంచి, బయట దేశాల నుంచి మళ్ళీ ఆర్డర్లు వచ్చినాయి. ఇప్పుడు మచిలీపట్నం కలంకారీ అనే పేరుకు సర్కారు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అంటే ఆ పేరు ఆ ప్రాంతం పనివాళ్ళ సొత్తు.

పెడనలో అచ్చు చెక్కే ఆయన్ను నేను అడిగినాను, "నాయనా, ఇంత పాత పని, ఇన్ని పాత అచ్చులు ఉండాయి కదా, మ్యూజియంలో పెట్టి కాపాడితే బాగుంటుంది కదా" అని. ఆయన ఉలి ఆపకుండానే చెప్పినాడు: "పెట్టొచ్చండీ బాబాయ్ గారూ. అచ్చులు బతుకుతాయి. మేం బతకాలంటే మాత్రం ఎవరో ఒకరు కొత్త అచ్చు చెయ్యమని అడగాలండీ." ఈ మాట నాకు బాగా నాటింది. పని బతికిందంటే దానికి కూలి పుట్టిందని అర్థం. మెచ్చుకోలు ఎంతైనా ఉండనీ, దాంతో బియ్యం రావు.

ఇది మన దేశం సంగతే కాదు. మా మనవరాలు ఫోన్‌లో జపాను దేశపు అచ్చు బొమ్మలు చూపించి, వాటి కత చదివి వినిపించింది. వాళ్ళు గుడ్డ మీద కాదు, కాగితం మీద అద్దుతారు. అచ్చుకు చెర్రీ చెక్క. కాగితం కోజో అనే చెట్టు బెరడుతో చేసేది. అది మన కోలారు రైతులు పట్టు పురుగులకు వేసే మల్బరీకి చుట్టం లాంటి చెట్టంట. బొమ్మ గీసేవాడు ఒకడు, చెక్క చెక్కేవాడు ఒకడు, అద్దేవాడు ఒకడు, పెట్టుబడి పెట్టి అమ్మేవాడు ఒకడు. ఒకప్పుడు ఆ బొమ్మలు మన సినిమా పోస్టర్ల లాగా చవకగా అమ్ముడుపోయేవి. ఫోటోలు, ప్రెస్సులు వచ్చినాక పడిపోయినాయి. అప్పుడు వతనబె షోజబురో అనే ఆయన, వంద ఏండ్లు దాటింది, బొమ్మ గీసేవాళ్ళను, చెక్కేవాళ్ళను, అద్దేవాళ్ళను మళ్ళీ ఒకచోట చేర్చి కొత్త బొమ్మలు వేయించినాడు. 1923 భూకంపంలో ఆయన అంగడి, అచ్చులు కాలిపోయినాయి. మళ్ళీ మొదటి నుంచి మొదలు పెట్టినాడు. ఆయన దగ్గర బొమ్మలు వేయించుకున్న యోషిద హిరోషి తరువాత సొంతంగా అచ్చులు వేయించి, 1930లో మన దేశానికి వచ్చి తిరిగిపోయి మదురై గుడి, తాజ్‌మహల్ బొమ్మలు కూడా వేసినాడు. ఇప్పటికీ టోక్యోలో, క్యోటోలో ఆ పని నేర్చుకునే కుర్రవాళ్ళు ఉండారు. అదాచి అనే అచ్చుల శాల వాళ్ళు పని నేర్పేదానికి 1994లో ఒక సంస్థే పెట్టినారు. పెడన మాట, టోక్యో మాట ఒకటే. నాలుగు చేతులకూ కూలి దొరికితేనే పని నిలిచింది. ఇంకో మాట, మన తీరం అద్దకం గుడ్డలు డచ్చివాళ్ళ ఓడల్లో జపానుకు కూడా పోయినాయి. వాళ్ళు వాటిని సరస అంటారు. చిన్న ముక్క దొరికినా టీ సామాను పెట్టుకునే సంచులుగా కుట్టి దాచుకున్నారంట.

సరే, మళ్ళీ మన సంఘం ప్రశ్నకు వస్తాను. ఈ పనికి ఈ పొద్దు శత్రువు ఎవరంటే, నేను చేసిన స్క్రీన్ పనే. పెడనలోనే కలంకారీ బొమ్మను స్క్రీన్ మీద వేసి, చవకగా అమ్మేవాళ్ళు ఉండారు. చూసేవాడికి తేడా తెలియదు. మీకు చెప్తాను, గుర్తు పెట్టుకోండి. గుడ్డను తిప్పి వెనక చూడండి. ఉడకబెట్టిన రంగు నూలు లోపలికి దిగి వెనక కూడా కనపడుతుంది. పైన పూసిన పిగ్మెంట్ స్క్రీన్ అయితే వెనక వెలవెలపోతుంది, చేత్తో తడిమితే పైన పొరలాగా గట్టిగా తగులుతుంది. ఇంకొకటి, చేతి అచ్చులో ఒక పువ్వుకూ ఇంకో పువ్వుకూ అక్కడక్కడా కొంచెం తేడా వస్తుంది, అచ్చుకూ అచ్చుకూ కలిసే చోట చిన్న గుర్తు ఉంటుంది. మిల్లులో దాన్ని తప్పు అని కోసి పారేసేవాళ్ళం. చేతి పనిలో అదే సాక్ష్యం.

ఇప్పుడు నా లెక్క చెప్తాను. పెడన పద్ధతి అట్లే ఇక్కడ చేద్దామంటే కుదరదు. ఎందుకంటే నీళ్ళు. అక్కడ కృష్ణా కాలవలు ఉండాయి. మన కోలారు జిల్లాలో ఏడాది పొడుగునా పారే ఏరు ఒక్కటి లేదు. చెరువులు, బోర్లు, ట్యాంకర్లు. తాగే నీళ్ళకే బిందెలు వరసలో పెట్టే మనం, ఒక్కో గుడ్డను నాలుగైదు సార్లు జాడించే పని పెట్టుకుంటే ఎట్లా? ఉడికించిన రంగు నీళ్ళు యాడికి వదులుతాం? మన పక్కనే గని వాళ్ళు వదిలిన సైనైడ్ దిబ్బలు చూస్తా ఉండాం కదా. ఇంకో చెత్త మన నెత్తిన మనమే పోసుకోకూడదు.

అయితే చెక్క అచ్చుతోనే, ఎక్కువ నీళ్ళు అడగని రంగులు వాడి, దుప్పట్లు, సంచులు, టేబుల్ గుడ్డలు చేయొచ్చు. దాన్ని అచ్చు అద్దకం అని నిజం చెప్పి అమ్మాల. కలంకారీ అని పేరు పెట్టకూడదు. ఆ పేరు బందరు వాళ్ళ కష్టం. మన బంగారం పేరు చెప్పి ఎవడో ఇత్తడి అమ్మితే మనకెట్లా ఉంటుంది? మన బొమ్మలు మనమే వేసుకోవచ్చు. గని తిరుగుడు చక్రం ఉంది, కోలారమ్మ గుడి ఉంది, రాగి చేను ఉంది, మామిడి పిందె ఉంది. శ్రీనివాసపురం మామిడి అంటే ఎంత పేరో చెప్పాల్నా? గనిలో టింబర్ పని చేసినోళ్ళ బిడ్డలు ఇప్పుడు వడ్రంగం చేస్తా ఉండారు. ఉలి పట్టే చెయ్యి మన దగ్గర లేదని ఎవరన్నారు? వాళ్ళలో ఇద్దరు నేర్చుకుంటే అచ్చులకు బయటికి పోయే పని లేదు. మొదట్లో మాత్రం పెడనలో చేయించుకుందాం, ఆ ఇంట కూడా పొయ్యి వెలగాల.

బెంగళూరులో తరంగిణి అనే చెక్క అచ్చుల అద్దకం శాల 1977 నుంచి నడుస్తా ఉంది. అట్లాంటి చోటికి ముందు ఇద్దరు ముగ్గురు పోయి, పని ఎట్లా జరుగుతుందో, సరుకు ఎవరు కొంటారో చూసి రావాల. అప్పు ఆ తరువాత మాట. ఈ గుడ్డ కొనేది మన వీధి వాళ్ళు కాదు, పట్నంలో డబ్బున్నోళ్ళు. వాళ్ళ మోజు ఈ పొద్దు ఉంటుంది, రేపు ఉండదు. బంగారం ధర చూసి గని నడిపినారు, నష్టం అని మూసినారు. దూరంగా ఉండే కొనేవాణ్ణి ఒక్కణ్ణే నమ్ముకుంటే మళ్ళీ అదే కత. కాబట్టి గార్మెంట్స్ పని అందరూ ఒక్కసారి వదలద్దు. ముందు సగం మంది, సగం డబ్బు.

అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది కూలి. అచ్చు చెక్కినోళ్ళకు ఎంత, అద్దినోళ్ళకు మీటరుకు ఎంత, కుట్టినోళ్ళకు ఎంత, అమ్మి పెట్టినోళ్ళకు ఎంత అని మొదటి రోజే పుస్తకంలో రాసి అందరూ సంతకం పెట్టాల. సరుకు అమ్ముడుపోయినాక చూద్దాం అనే మాట మనం చాలా విన్నాం, దాని ఫలితం కూడా చూసినాం. మిల్లులో యూనియన్ పెట్టి నేర్చుకున్న ఆ పాఠం ఇంట్లో పని పెట్టుకుంటే మరిచిపోవాల్నా?

నాకు అరవై దాటినాయి. మిషన్ మోత విని విని చెవులు మందమైనాయి గానీ, జాయింటు చూసే కన్ను ఇంకా ఉంది. సంఘం వాళ్ళు ఒక టేబుల్ వేసి, దాని మీద గోనెపట్టా, పాత దుప్పటి పరిచి, రెండు అచ్చులు తెప్పిస్తే, రంగు చిక్కన ఎంతుండాలో, చెయ్యి ఎంత బరువు వేయాలో నేను చూపిస్తాను. దానికి కూలి అడగను. మన లైన్లలో ప్రింటింగ్‌లో, డైయింగ్‌లో చేసినోళ్ళు ఇంకా ఉంటే ఆదివారం సాయంత్రం సంఘం ఇంటికి రండి. వచ్చేటప్పుడు ఎవరింట్లోనన్నా పాత కోరా గుడ్డ మిగిలుంటే చేత పట్టుకొని రండి.